మెడ వదిలి వంగడం

అరవైల మొదట్లో, మా సముద్రపు ఒడ్డు ఊరి బళ్లో పంతులమ్మగా చేరిన కొత్తలో, సాయంత్రాలు బడి వసారాలో ఆడవాళ్లకు వంగడం నేర్పేదాన్ని. నవ్వకండి. నెల్లూరు ట్రెయినింగులో మా డ్రిల్లు టీచరు నేర్పిన విద్య అది. ఏ పనికైనా ముందు ఒక్క క్షణం ఆగాలి, మెడ వదులు చెయ్యాలి, నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర వంగాలి. నా నడుం నొప్పి దాంతోనే పోయింది కాబట్టి దానిమీద నాకు గట్టి గురి.

"పుట్టినకాడి నుంచి వంగతానే ఉండాం, మాకు నువ్వు నేర్పేదేంది పంతులమ్మా!" అని నాట్ల మేస్త్రమ్మ పగలబడి నవ్వింది. ఊళ్లో నాట్లకు ఎవరు రావాలో తేల్చేది ఆమే. ఆమె నవ్వాక ఇంకెవరొస్తారు?

ఒక్క కొత్త కోడలు వచ్చింది. పులికాటు పక్క చేపలు పట్టే ఇంటి పిల్ల, నారు పట్టి ఎరగదు. నాట్లలో వెనకపడినదాని చుట్టూ పక్కవాళ్లు నాటేసి, మడి మధ్యలో నిలబెట్టి నవ్వుతారు. ఈ పిల్లకు అప్పటికే ఒకసారి అలా అయింది.

"ఇంకోసారి ఇట్టా అయితే పనికి రావద్దన్నాది మేస్త్రమ్మ, పంతులమ్మా. మా అత్త ఇంట్లో ఉండనీదు" అని ఏడ్చింది.

"నేనుండగా నీకేం భయం!" అన్నాను. వారంలో భేషుగ్గా నేర్చుకుంది.

మడిలో దిగిన రోజే మళ్లీ చుట్టూ నాటేశారు. ఆ ఆదివారంతో సరి, ఇక పనికి రావద్దంది మేస్త్రమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం చీర ఎగ్గట్టి నేనే ఆ పిల్ల పక్కన మడిలో దిగాను. కాసేపటికే సంగతి తెలిసొచ్చింది. వంగే ముందు ఆగమన్నానని ఆ పిచ్చిది పిడికెడు నారుకోసారి లేచి, నిలబడి, ఆగి, మళ్లీ వంగుతోంది. నాట్లలో అలా ఎవరూ లేవరు, వంగినవాళ్లు వంగినట్టే వెనక్కి అడుగులేస్తూ పోతారు. అయ్యో, ఎన్నడూ నాటు వెయ్యని నేను నేర్పిన నిర్వాకం!

"తప్పు నాది. దీనికి ఇంకొక్క మడి ఇవ్వు" అని మేస్త్రమ్మను అందరి ముందూ అడిగాను.

"ఒక్కటే" అంది ఆమె.

"ఆగడమంటే లేవడం కాదమ్మా. వంగే ఉండి, అడుగు వెనక్కేసేటప్పుడల్లా మెడ వదులు. పక్కవాళ్ల వరస ఎంత దూరం పోయిందో చూడబోకు, చూస్తే మెడ బిగుస్తాది" అని ఆ పిల్లకు చెప్పాను. చెప్పేటప్పటికి నాకూ నమ్మకం తిరిగొచ్చింది.

సోమవారం ఆ పిల్ల అందరితో పాటు గట్టు చేరింది. బడికి పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి చెప్పింది. పిల్లల ముందే నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మేస్త్రమ్మ నడుం మీద చెయ్యేసుకుని వసారా మెట్లెక్కింది.

"ఆ మెడ సంగతేందో నాకూ చెప్పు పంతులమ్మా. పొద్దన లేస్తే నిలబడలేకుండా ఉండా" అంది.

నేను నోరు తెరిచేలోపే వసారాలో నా పక్కన కూర్చున్న కొత్త కోడలు లేచి ఎదురెళ్లింది.

"ముందు కాసేపు ఆగు పెద్దమ్మా" అంది.