టెంకలు నావి

బేరంలో ఓడి నష్టపోయినవాళ్లు మా రాజాంలో వీధికి పదిమంది దొరుకుతారు. బేరంలో గెలిచి, గెలిచినందుకే నష్టపోయిన ఘనత మాత్రం నాకొక్కడికే దక్కిందని కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. మొన్న మా ఆవిడ అటక దులుపుతూ, చుట్టిపెట్టిన ఈతచాప ఒకటి కిందికి పడేసింది. విప్పితే, ఎండి నల్లబడిన మామిడిరసం మరకల్లోంచి ఇన్నేళ్ల తరవాత కూడా పులుపూ తీపీ కలిసిన వాసన సన్నగా వచ్చింది. పారేద్దామా అని అడిగింది. నేను తీసుకుని మళ్లీ చుట్టేశాను.

రాష్ట్రం రెండు ముక్కలవుతుందని టీవీలు గోలపెడుతున్న రోజులవి. మా నాన్న పంచి ఇచ్చిన రెండు కిరాణా కొట్లలో అన్నయ్యది తెల్లవారకుండానే తెరుచుకునేది, నాది నేను లేచాక తెరుచుకునేది. నేను లేచేసరికి తొమ్మిది. పల్లెల నుంచి మొదటి బస్సుకి దిగినవాళ్లంతా అన్నయ్య దగ్గరే సంచులు నింపుకుని వెళ్లిపోయేవారు. మిగిలిన ఒకరిద్దరితో నేను గంటసేపు బేరమాడి, అర్ధరూపాయి దగ్గర గెలిచి, మీసం దువ్వుకునేవాణ్ణి. అలా గెలుస్తూ గెలుస్తూ కొట్టు ఖాళీ చేసుకున్నాను. వేసవి దాటేలోగా ఏదో ఒకటి చెయ్యకపోతే షట్టరు దించేసి అన్నయ్య కొట్లో గుమస్తాగా కూర్చోవాలి. యాభయ్యో పడి దగ్గరపడిన తమ్ముడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది?

పూత చూసి మామిడి కొనడం మా వ్యాపారస్తులు ఎరిగిన జూదం. కాయ ఎంత నిలుస్తుందో దేవుడికే తెలియాలి, అందుకే ధర తక్కువ. సీతంపేట దాటి కొండెక్కితే ఒక సవర గూడెంలో ఓ ముసలమ్మకి పన్నెండు చెట్లున్నాయని విని, మా ఆవిడ గాజులమ్మిన డబ్బుతో వెళ్లాను. మంచుకి పూత మాడిపోతుందన్నాను, ఎక్కివచ్చిన దారి చూపించి నిట్టూర్చాను, రెండుసార్లు లేచి వెళ్లిపోతున్నట్టు నటించాను. ఆవిడ చెప్పినదాంట్లో సగానికి దించాను. పండ్లు కొండ దించడం కష్టం గనక అక్కడే రసం పిండి, తాండ్ర చేసి దించుకోవాలన్నది మా ఏర్పాటు. చివర్న ఆవిడ ఒక్క షరతు పెట్టింది.

“పండు నీది బావూ, టెంకలు మాత్రం నావి.”

“టెంకలేటి సేసుకుంటావే ముసలమ్మా? తీస్కో, అన్నీ నువ్వే తీస్కో!” అని నవ్వుతూ ఉదారంగా ఒప్పేసుకున్నాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఉగాదికి ముందు పచ్చికాయకి మంచి ధర పలుకుతుందని ఎవరో అనగానే, సగం చెట్ల కాయ ముందే దించేద్దామని మళ్లీ కొండెక్కాను. కోతకి రమ్మంటే గూడెంలో ఒక్కరూ కదల్లేదు. కొత్త పండగ కాలేదట. తొలి మామిడికాయ దేవతకి పెట్టి ఊరంతా తినేదాకా ఎవరూ చెట్టు ముట్టుకోరట. టెంక ముదిరితేనే కొత్త అంది ముసలమ్మ. గల్లాపెట్టె పక్కన పుట్టి పెరిగినవాణ్ణి కదా, కూలి పెంచడానికి దేవతని అడ్డం పెడుతున్నారనుకున్నాను. పెంచాను. ఊహూఁ. ఇంకా పెంచాను.

“ఇది సంత కాదు బావూ,” అంది ముసలమ్మ, జాలిగా.

ఆ జాలికి రోషమొచ్చి, పాలకొండ నుంచి నలుగురు కూలీల్ని తెచ్చి ఆరు చెట్లు దులిపించేశాను. గూడెం ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు తప్ప ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కాయ రాజాం చేరేసరికి వడిలిపోయింది. కోస్తే పులుపు లేదు, టెంక ఉండాల్సిన చోట తెల్లటి మెత్తటి జీడి. ఎవరూ కొనలేదు. అన్నయ్య ఒక కాయ నొక్కి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టేశాడు. ఆ లోటు మా ఆవిడ తీర్చింది. “బేరమాడ్డానికున్న ఓపిక పొద్దున్నే లెగడానికుంటే మనకీ కొండలెక్కే కర్మేటి?”

ఇక మిగిలిన ఆరు చెట్ల మీదే కొట్టు ఆధారపడి ఉంది. పండ్లు దిగే వేళకి చాపలు నెత్తిన పెట్టుకుని నేనే వెళ్లాను. ఏ మొహంతో వెళ్లానో గాని, ముసలమ్మ తన వసారాలో చోటిచ్చింది. నెలరోజుల పని వారంలో లాగేద్దామని మొదటి చాప మీద రసం మందంగా పోశాను; పైన ఆరింది, లోపల బూజు పట్టింది. ముసలమ్మ వేలితో గుచ్చి చూసి పకపకా నవ్వింది.

“ఎండతో కూడా బేరమాడతన్నావేటి? రోజుకి ఒక పొర, అంతే.”

పొద్దు పొడవకముందే లేచి పండు పిండడం, గుడ్డలో వడకట్టడం, ఎండ కొండ దిగి వాకిట్లో పడేసరికి నిన్నటి పొర మీద ఇవాళ్టిది పల్చగా పొయ్యడం, గిన్నెలు అప్పటికప్పుడు కడిగి బోర్లించడం, పొద్దువాలకుండా చాపలు లోపలికి చేర్చడం. మబ్బు పట్టిన రోజు పొర లేదు, అలాగని పడుకోవడమూ లేదు; ఆ రోజు కట్టెలు తెచ్చుకోవాలి, చాపల అంచులు కుట్టుకోవాలి. మొదట్లో నడుం పట్టేసి, నన్ను నేనే తిట్టుకున్నాను. ఒకరోజు తాండ్ర అంచు కోసి చూస్తే పొరలు చారలు చారలుగా కనిపించాయి. నా జీవితంలో వరసగా అన్ని ఉదయాలు నిద్రలేచినట్టు అంతకుముందు రుజువు లేదు. కొట్టు పోయినా నేను పోనేమోనని మొదటిసారి అనిపించింది అప్పుడే.

తాండ్ర మంచిదే వచ్చింది, చాలినంత రాలేదు. షట్టరు దించి అన్నయ్య కొట్లో కూర్చున్నాను, కాకపోతే ఆ కొట్టు తాళం తెల్లవారుజామున తీసేది నేనే. నాలుగేళ్లకి వీధి చివర చిన్న కొట్టు మళ్లీ పెట్టుకున్నాను.

తాండ్ర చేసిన ఏడే శ్రావణం వానల్లో, మరిచిపోయి వచ్చిన చాప కోసం కొండెక్కితే, ముసలమ్మ టెంకల్లోని జీడి ఎండబెట్టి, దంచి, ఆ పిండి నానేసి, అంబలి కాస్తోంది. వానల్లో పనులుండవు, ఇంట్లో తిండిగింజలు అయిపోతాయి. అప్పటికి ఆ టెంకలే వాళ్ల తిండి. గంప సగమే ఉంది. లేతగా దులిపిన ఆరు చెట్ల వాటా అందులో లేదు. వసారా నాకెందుకిచ్చిందో, నేను పిండి పడేసిన ప్రతి టెంకనీ సాయంత్రానికల్లా ఎందుకు ఏరుకుపోయేదో అప్పుడర్థమైంది. మర్నాడే బియ్యం బస్తా మోయించుకెళ్లాను. తీసుకుంది, వెంటనే కొండచీపుర్ల కట్ట ఒకటి నా చేతిలో పెట్టి, “ఊరికే ఒద్దు బావూ,” అంది.

ఇప్పుడక్కడికి తారు రోడ్డుంది, ఇళ్లలో బియ్యమున్నాయి, టెంక దంచే అవసరం లేదు, మంచిదే. మామిడిపూతని ఫోనులో ఫొటో చూసి కొనేస్తున్నారు, తాండ్ర ప్లాస్టిక్ కాగితంలో మెరుస్తూ మా కొట్టుకే వస్తోంది. కోసి చూస్తే పొరలుండవు. ముసలమ్మ లేదు.

ఉన్నదున్నట్టు లెక్క చెప్పాలంటే, నాకు పోయినవి ఒక కొట్టు, ఒక జత గాజులు. గాజులు మళ్లీ చేయించాను, బరువు తక్కువని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. వచ్చింది, పొద్దున్నే లేచి ఏ రోజు పని ఆ రోజు ముగించే బుద్ధి. ముసలమ్మకి పోయింది ఆరు చెట్ల టెంకలు, అంటే ఒక వానాకాలంలో సగం పూటల అంబలి. బియ్యం బస్తాతో అది చెల్లిపోయిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాని బియ్యానికి బదులు ఆవిడ అక్కడికక్కడే చీపుర్లిచ్చేసింది. టెంకల బాకీ అలాగే ఉంది.