పోయిన మామ మీద చాడీ

మొన్న ఆదివారం మణుగూరు నుంచి మా మరదలు ఫోన్ చేసింది. వాళ్ల నాన్న, అంటే మా మేనమామ, సంవత్సరీకానికి ఊళ్లో ఫ్లెక్సీ కడుతున్నారట. దాని మీద రెండు ముక్కలు రాసిమ్మంది. ఖమ్మంలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కదా, చుట్టాల్లో పెళ్లికార్డు మొదలు ఇలాంటి వాటిదాకా రాసే పని నా నెత్తినే పడుతుంది. అప్పటికప్పుడు రాసి ‘ప్రేమమూర్తి, ఓర్పుకు మారుపేరు’ అని చదవడం మొదలుపెట్టానో లేదో, మధ్యలోనే ఆపేసింది.

“వదినా, గివన్నీ పోయినేడు రాసినయే. మా నాయన ఒక్క తప్పు గూడ చెయ్యలేదా? నాకు మూడేండ్లప్పుడు పోయిండు. ఎవర్నడిగినా దేవుడసొంటోడంటరు. దేవుళ్ల ఫోటోలు ఇంట్ల ఇంకో నాలుగున్నయి. మరి మా నాయనేడి?”

చెప్పడానికేం, బోలెడున్నాయి. అడ్డమల్లా మా అత్త. మామ జ్వరంతో తెలివి తప్పి దవాఖానాలో చేరి, మళ్లీ కళ్లు తెరవకుండానే వారానికి పోయాడు. చేరిన రోజు పొద్దున కూడా, చెప్పిన పని మరిచాడని అత్త ఆయన్ని వాకిట్లో నిలబెట్టి తిట్టింది. ఆఖరి మాటలు ఆ తిట్లే అయ్యాయన్న బాధ ఆమెను వదల్లేదు. దినం నాడు చుట్టాలందరి ముందూ తేల్చి చెప్పేసింది: “పోయిన మనిషిని ఒక్క మాటన్నరో, నా గడప తొక్కొద్దు.” అప్పటినుంచి మా మామ ఏడాదికింత చొప్పున మంచివాడవుతూ వచ్చాడు. పోయేదాకా రోజుకో కట్ట బీడీలు తాగిన మనిషికి, బీడీ వాసనే పడేది కాదని ఇప్పుడు ఆ ఇంట్లో చెప్పుకుంటారు.

అసలు మామ వేరు. నవ్వితే ఊరి చివరికి వినిపించేది. పత్తాలంటే ప్రాణం. చేతిలో పేకముక్కలుంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు.

నేను బీఎడ్ చదువుతూ ఎండాకాలం సెలవులకు వాళ్ల ఊరు వెళ్లాను. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. తెల్లారేసరికి ఊరంతా అడవిలో ఉండేది. చంటిపిల్లల తల్లులు పాత చీరలతో కొమ్మలకు ఉయ్యాలలు కట్టి, ఆ చుట్టుపక్కలే ఆకు కోసుకునేవాళ్లు. మరదలికి అప్పటికి ఏడాది, లేక లేక పుట్టిన పిల్ల. “మీరు కోసుకోన్రి, పిల్లను నేను జూస్త” అని మామ తనంతట తానే ఉయ్యాల దగ్గర కూర్చుంటే మేం ముచ్చటపడ్డాం. వాగు అవతల పత్తాలాట పెట్టారని మాకు తెలియదు మరి.

ఎండెక్కాక “పిల్లను తీస్కపోతున్న” అని దూరం నుంచే కేకేశాడు. మేం ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని అడ్డదారిన ఇంటికి చేరేసరికి, ఉయ్యాల చీరలోనే చుట్టిన పిల్లను మంచం మీద పడుకోబెట్టి విసనకర్రతో విసురుతున్నాడు. అత్త మురిసిపోయి పాలివ్వడానికి చీర తొలగించింది. లోపల మగపిల్లాడు! వాడు అత్తను చూసి కెవ్వుమన్నాడు, అత్త వాణ్ని చూసి అంతకంటే గట్టిగా అరిచింది. ఆట నుంచి ఉరికొచ్చిన హడావిడిలో మామ పక్క చెట్టు ఉయ్యాల విప్పుకొచ్చాడు. “నా బిడ్డా” అంటూ చెప్పుల్లేకుండా అత్త అడవి వైపు పరుగెత్తింది. పిల్లాణ్ని చంకనేసుకుని నేనూ వెంటపడ్డాను. ఊరి పొలిమేరలోనే వాడి తల్లి ఎదురైంది, చంకలో మా మరదలు, నోటినిండా శాపనార్థాలు.

ఇదంతా ఫోన్లో చెప్పేశాను. చెబుతున్నంతసేపూ మనసు పీకుతూనే ఉంది. పోయినవాడు వచ్చి తన మాట తాను చెప్పుకోలేడు కదా, ఆయన మీద చాడీ చెప్పడం న్యాయమేనా? పైగా కన్నకూతురికి! అవతలి నుంచి నవ్వు.

“నన్ను చెట్టుకే మర్సిపోయి వచ్చిండా!” పడీ పడీ నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. “ఇగో, ఇప్పుడు కనవడ్డడు వదినా.”

అంతలో అత్త గొంతు. “ఏంది బిడ్డా? స్పీకర్ల అంత ఇన్న.”

“తప్పయింది అత్తా” అన్నాను.

“తప్పే. సగమే జెప్పినవ్. తెల్లారి ఎద్దు మెడల గంట దెచ్చి ఉయ్యాలకు కట్టిండు, గుర్తుకట! గాలికి గంట మోగుడు, పిల్ల లేసి ఏడ్సుడు. ఒక్క పని సక్కగ జేసిండా ఈ మనిషి?”

ఇక ఆగలేదు. ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి అరగంట సేపు తిట్టింది. మధ్య మధ్య “ఇనవడుతుందా?” అని గద్దించేది. నన్నే అనుకుని ఊ కొట్టాను. కానీ మామ ఫోటో వైపు తిరిగి అడిగిందని మరదలు తర్వాత చెప్పింది.

ఫ్లెక్సీ మీద చివరికి పేరొక్కటే వేయించారు. కాలం మనిషిని తీసుకుపోయాక, మెల్లగా అతని తప్పుల కోసం కూడా వస్తుంది. అవి కూడా ఇచ్చేస్తే, మిగిలిన మంచిలో మన మనిషిని మనమే గుర్తుపట్టలేం.