బ్రేకు పళ్లేనికి నూనె

తెలంగాణ కోసం రోజూ ధర్నాలు నడుస్తున్న కాలంల నేను గేర్ల సైకిలు కొన్న. చక్రం నడుమ ఇనుప పళ్లెం, బ్రేకు పడితే దాన్ని రెండు దిక్కుల నుంచి ప్యాడ్లు ఒత్తి పడతయి. నెల తిరగకముందే కీచుమనుడు మొదలైంది.

బడి మెట్లెక్కనోణ్ని. పొట్లాల కాగితాలు కూడబలుక్కుంట చదువు నేర్చిన. సైకిలుతో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని డిక్షనరీ ముందల పెట్టుకొని వారం రోజులు చదివిన. తీగ వదులైతే మర బిగించాలె. పళ్లెం మీద దుమ్ము చేరితే కూస్తది, శుభ్రంగ తుడవాలె. నూనె చుక్క తగలొద్దు.

క్వార్టరు ముందల కూసోని తుడుస్తుంటే పక్క క్వార్టరు ఫిట్టరు నూనె డబ్బా పట్టుకొని వచ్చిండు. మా బొగ్గు బాయిలో ఏ మిషిను కూసినా ఆయన నూనె పోసుడే. ఆయనుండంగ ఇంకొకడు మిషిన్ల చెయ్యి పెట్టొద్దు, అది అక్కడి కట్టుబాటు. నేను తట్టలతోని బొగ్గు నింపెటోణ్ని.

"బావా, దీనికి నూనె పొయ్యొద్దు. కాగితంల రాసుంది."

"తట్ట మోసెటోనికి కాగితమెందుకే బావా? దాంట్ల పల్లీలు కట్టుకో!"

అరుగుల మీదోళ్లంత నవ్విన్రు. నా భార్య గూడ నవ్వింది. ఫిట్టరు రెండు పళ్లేలకూ నూనె పోసిండు. కూత బందైంది.

"చూసిన్రా? ఉండున్రి, గేటు దాకా తొక్కి చూపిస్త" అని ఎక్కిండు.

మా క్వార్టర్ల లైను నుంచి కాలనీ గేటుకు ఒకటే దిగుడు. కింద కాల్వ మీద మోరీ. నూనె తాగిన ప్యాడ్లు పట్టవని ఆ మందిల తెలిసినోణ్ని నేనొక్కణ్నే. 'ఆగు బావా' అంటే సరిపోతుండె. అనలే. తట్ట మోసెటోని మాట వాళ్లకెందుకని చేతులు కట్టుకొని నిలబడ్డ.

మోరీ గోడకు గుద్దుకున్న చప్పుడు అరుగుల దాకా వినొచ్చింది. మోకాలి చిప్ప పగిలింది. ఆయన మళ్ల బాయి దిగలే.

దవాఖానల ఆయన భార్య నన్ను పట్టుకొని అడిగింది.

"అన్నా, నీకు ముందుగాల్నే తెలుసునట. చెప్పొద్దా?"

"చెప్పిన చెల్లె. మీరే నవ్విన్రు."

ఆమె తల దించుకుంది. ఆ నవ్వినోళ్లల్ల ఆమె గూడ ఉండె.

నూనె పొయ్యొద్దని చెప్పిన మాట నిజమే. ఎక్కొద్దని మాత్రం చెప్పలే. ఆమె అడిగింది ఆ రెండో మాటనే. అది తెలిసే నేను మొదటిదానికి జవాబిచ్చిన.