డిక్కీలో నా ఆదివారం

బర్మాలోని చౌక్తడాలో కోర్టుకు రెండు వీధుల అవతల ఒక నోటరీ ఆఫీసు ఉంది. అందులో నేను ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాను. దస్తావేజులు చదవడం, తప్పులు పట్టడం నా పని. చదివీ చదివీ నాకొక జబ్బు పట్టుకుంది. కాగితం మీద రాసి ఉన్న పని ఏదైనా సరే, చదివితే చేసేయొచ్చని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే మా ఇంటి నీళ్ల మోటారు విప్పాను. అప్పటినుంచి నీళ్లు బకెట్లతో మోస్తున్నాం.

నా పేరు జోసెఫ్ అప్పలస్వామి. వయసు యాభై మూడు, నడుము నలభై రెండు. ఉండేది చిమిండైంగ్‌లో. నా భార్య సు సు బర్మా మనిషి. పెళ్లయ్యాక మా అమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంది, నాతో పోట్లాడడానికి సరిపోయేంత.

మాకొక పాత స్టేషన్ వాగన్ ఉంది. దాని వెనక తలుపు హ్యాండిల్ రెండు నెలలుగా మొండికేస్తోంది. మొదట రెండుసార్లు లాగితే తెరుచుకునేది, తరవాత నాలుగుసార్లు. మా వీధి చివర మెకానిక్ కో మిన్ ఒకసారి హ్యాండిల్ ఆడించి చూసి, "శనివారం తీసుకురండి అంకుల్, పది నిమిషాల పని" అన్నాడు.

అవసరం లేదన్నాను. ఎందుకంటే అప్పటికే నేను ఇంటర్నెట్‌లో దొరికిన సూచనలన్నీ అచ్చు తీసి, ఆఫీసు ఫైల్లో పెట్టి, తాడు కూడా కట్టేశాను. లోపలి ప్లాస్టిక్ అట్ట ఎలా ఊడదీయాలి, క్లిప్పులు ఎక్కడెక్కడ ఉంటాయి, అంతా పదకొండు అంశాల్లో ఉంది. ముఖ్యమైన చోట్ల ఎర్ర గీతలు కూడా గీశాను.

"కో జోసెఫ్, ఫైల్ బాగుంది. తలుపు మాత్రం కో మిన్‌కి ఇద్దాం" అంది సు సు. బర్మా వాళ్లు మెకానిక్‌నైనా మొగుణ్నైనా 'కో' అనే పిలుస్తారు, 'అన్నా' అన్నట్టు.

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

ప్రతి ఆదివారం మేము మరియ పెద్దమ్మను మా తెలుగు బాప్టిస్టు చర్చికి తీసుకెళ్తాం. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. ఒకప్పుడు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. నన్ను ఈ లోకంలోకి లాగిన చేతులు ఆమెవే. ఇప్పుడు నడవలేదు. ఆమె చక్రాల కుర్చీ పాతకాలపు ఇనప కుర్చీ, మడిచినా సగం డిక్కీ ఆక్రమిస్తుంది. ఆ ఆదివారం బైబిల్ వాక్యం చదవాల్సింది పెద్దమ్మే. మా చర్చిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, తెలుగు అక్షరం తడుముకోకుండా చదవగలిగేది నలుగురో ఐదుగురో. వారం రోజులుగా ఆమె ఆ పేజీని గట్టిగా చదువుకుంటోంది.

ఇంటి దగ్గర ఆరుసార్లు లాగితే తలుపు తెరుచుకుంది. కుర్చీ పెట్టి మూశాను. చర్చి ఆవరణలో దిగి మళ్లీ లాగాను. హ్యాండిల్ పళ్లూడిన నోరులా వేలాడింది తప్ప తలుపు కదల్లేదు. ఇరవై సార్లు లాగాను. బుజ్జగించాను. చుట్టూ చూసి ఒక తన్ను కూడా తన్నాను.

వెనక సీటు రెండు ముక్కలుగా మడుచుకుంటుంది. రెండూ మడిస్తేనే కుర్చీ బయటికి వస్తుంది. ఒక ముక్క మీద పెద్దమ్మ కూర్చుని ఉంది.

చర్చి పనులు చూసే ఇద్దరు డీకన్లు వచ్చి, "ప్లాస్టిక్ కుర్చీ తెస్తాం, పెద్దమ్మని అందులో కూర్చోబెట్టి ఎత్తుకెళ్లిపోదాం" అన్నారు. బుద్ధున్నవాడెవడైనా సరే అనేవాడు.

"ఐదు నిమిషాలు" అన్నాను నేను. "నా దగ్గర ఫైల్ ఉంది."

నేనంటే అక్కడ కాస్త గౌరవం. ఓసారి చర్చిలో ఆగిపోయిన ఫ్యాన్లు బాగుచేసిన మనిషినని పేరు. వాళ్లు సరేనని లోపలికి వెళ్లారు. పాటలు మొదలయ్యాయి.

ఖాళీగా ఉన్న సీటు ముక్క మడిచి, ఆ సందులోంచి డిక్కీలోకి పాకాను. నా పొట్ట ఒకచోట ఆగి ఆలోచించింది. సు సు వెనకనుంచి తోసింది. లోపల చక్రాల కుర్చీని కౌగిలించుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి, స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య పెట్టుకుని పడుకున్నాను. ఆదివారం కట్టుకునే పట్టు లుంగీ కుర్చీ బ్రేకుకి తగులుకుని చిరిగింది.

"నువ్వు పుట్టినప్పుడూ ఇంతేరా" అంది పెద్దమ్మ ముందునుంచి. "ఒక పూటంతా ఇరుక్కుని మీ అమ్మని సంపీశావు. బేగి రారా అంటే రావే!"

సూచనల ప్రకారం మొదట అట్ట మధ్యలో రెండు స్క్రూలుండాలి. లేవు. మూడో అంశం ప్రకారం కిందనుంచి మృదువుగా లాగాలి. మృదువుగా లాగితే కదల్లేదు. కోపంగా లాగితే టప్పుమని క్లిప్పు విరిగి నా నుదుటికి తగిలింది. ఇంకోటి విరిగింది. ఇంకోటి.

ఈలోగా వాక్యం చదివే వేళ వచ్చింది. పెద్దమ్మ పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని చర్చి తలుపు వైపు చూస్తోంది. సందులోంచి ఆమె చెవి, తెల్లటి ముడి, ఆ పుస్తకం అంచు కనిపించాయి. ఆ డీకన్లని నేను కదా వెనక్కి పంపేసింది. స్క్రూడ్రైవర్‌ని పళ్లతో ఇంకా గట్టిగా కరిచిపట్టుకున్నాను.

సు సు మాత్రం ఊరుకోలేదు. గబగబా లోపలికి వెళ్లి, పాస్టరుగారితో ఏదో చెప్పి, మైకు పట్టుకుని వచ్చింది. పొడవాటి వైరు మెట్లమీదుగా కారుదాకా లాక్కొచ్చి, మైకు పెద్దమ్మ చేతికిచ్చి, వైరు ఎవరూ తొక్కకుండా చూడడానికి మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

పెద్దమ్మ చదివింది. ఒక్క తప్పు లేదు. ఆమె గొంతు ముందు కారులో, మరుక్షణం చర్చి లోపల స్పీకర్లలో వినిపించింది. అంతసేపూ నేను ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడి ఉన్నాను. చదవడం అయిపోయింది. మైకు తిరిగి ఇచ్చేసి ఉంటుందనుకుని మళ్లీ పనిలో పడ్డాను. ఇంకో రెండు క్లిప్పులు టప్, టప్.

"ఒరే జోసెపూ" అంది పెద్దమ్మ. "నిజం సెప్పు. నీకు ఈ పని తెలుసేటి?"

చెమట కళ్లలోకి కారుతోంది. అబద్ధమాడే ఓపిక లేదు.

"తెలీదు పెద్దమ్మా. ఏటీ తెలీదు. ఆ ఫైలు కూడా వేరే బండిది. నిన్ననే సూసుకున్నాను, సు సుకి సెప్పలేదు."

"మరి గుడిలో పంకాలు బాగుసేశావు కదా?"

"నేనేటి బాగుసేశాను! నేను స్టూలెక్కేసరికి కరెంటొచ్చింది. అందరూ సప్పట్లు కొట్టేశారు, నేను దిగిపోయాను."

నా గొంతే ఎక్కడో దూరంగా, గంభీరంగా, ఇంకోసారి వినిపించింది. డిక్కీలో ప్రతిధ్వని బాగానే వస్తుందే అనుకున్నాను. అప్పుడు చర్చి లోపలినుంచి నవ్వు లేచింది. ముందు ఆడవాళ్ల వైపునుంచి, తరవాత మొత్తంగా. సు సు మెట్ల మీద కూలబడి పమిటలాంటి తన కండువాతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"పెద్దమ్మా, మైకు నీ దగ్గరే ఉందా?"

"ఒళ్లోనే ఉంది నాయినా. దీన్నెలా ఆపాలో నాకేటి తెలుసు?"

ఆమెకు తెలుసో లేదో ఈరోజుకీ నేను తేల్చుకోలేకపోయాను.

సిగ్గుతో అట్టను రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. మొత్తం ఊడి నా మీద పడింది. దాని వెనక సన్నటి ఇనప కడ్డీ ఒకటి వేలాడుతోంది. దాన్ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగింది, అంతే. వేలితో కడ్డీ లాగాను. టక్కుమంది. నేను ఆనుకుని ఉన్న తలుపు అమాంతం పైకి లేచింది. అట్టతో సహా దొర్లి ఆవరణలో పడ్డాను. నవ్వు ఆపుకోలేక బయటికొచ్చిన డీకన్లిద్దరి కాళ్ల దగ్గర.

వాళ్లలో ఒకడు నన్ను లేపాడు, ఒకడు చక్రాల కుర్చీ దించాడు. ప్రసంగం సగానికల్లా పెద్దమ్మ తన చోట ఉంది. నేను చిరిగిన లుంగీతో ఆఖరి బల్ల మీద కూర్చున్నాను. ఫ్యాన్లు చక్కగా తిరుగుతున్నాయి. వాటి వైపు మాత్రం తల ఎత్తలేదు.

ఇంటికెళ్తుంటే పెద్దమ్మకి క్షమాపణ చెప్పాను. "పోన్లేరా. నేను సదివితే సగం మంది కునుకు తీస్తారు. ఈయేల ఒక్కుడూ నిద్దరోలేదు" అంది.

సోమవారం కో మిన్ ఆ ముక్క మార్చాడు. పది నిమిషాలే పట్టింది.

బుధవారం సు సు వండిన కూర ఇవ్వడానికి పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గది కిటికీ రెక్క బిగుసుకుపోయి గాలి రావడం లేదట. "మిస్త్రీని పిలుస్తాను పెద్దమ్మా" అన్నాను. నా నోట ఆ మాట రావడానికి యాభై మూడేళ్లు పట్టింది. నా మీద నాకే గౌరవం కలిగింది.

"జోసెపూ" అంది ఆమె, కూర గిన్నె మూత తీస్తూ. "కిటికీ గడియ మీంచి సెయ్యి తియ్యి."