గడ్డి చెక్కని సమాధి

మా ఒజెల్లా అత్త సైన్యాన్ని నమ్మదు. 1942లో ఊరు ఖాళీ చేయిస్తూ "యుద్ధం అయ్యాక మీ పొలం మీకే" అన్నారట. అప్పుడు అత్తకు పదకొండేళ్లు, ఇప్పుడు డెబ్బై ఎనిమిది. మా పత్తిచేలల్లో ఇంకా ఫిరంగులు పేలుతూనే ఉన్నాయి.

శ్మశానం మాత్రం మిగిల్చారు. ఏడాదికొకసారి, మే నెలలో ఒక ఆదివారం, సైనిక స్థావరం గేటు దగ్గర సంతకాలు పెట్టి లోపలికి వెళ్తాం. మా టెక్సస్ పల్లెల్లో సమాధి మీద గడ్డి మొలిస్తే పరువు తక్కువ. పారలతో నేలంతా చెక్కి, నున్నగా ఊడ్చి, ఆ తర్వాతే వేయించిన కోడి, బంగాళాదుంపల ముద్ద తింటాం.

ఒక్క సమాధిని మాత్రం ఎన్నడూ చెక్కలేదు. ఖాళీ చేయమన్న కాగితం వచ్చిన వారమే అత్త తమ్ముడు లోనీ ఎనిమిది నెలలవాడు పోయాడు. సైన్యంవాళ్లు ఎక్కడ తవ్వి పట్టుకుపోతారో అని తాత వాణ్ణి వరుసలకు దూరంగా, దేవదారు కింద, రాయి కూడా పెట్టకుండా పూడ్చాడు. గడ్డే వాడికి కాపలా అంటుంది అత్త. ఏటా నీడ కోసమన్నట్టు ఆ చెట్టు కిందే కూర్చుని తింటుంది.

ఈసారి వెళ్లేసరికి శ్మశానం చుట్టూ సున్నం గీత ఉంది. దాని మీదే కొత్త కంచె వేస్తారట. సోమవారం నుంచి గీత అవతల ట్యాంకులు తిరుగుతాయట. దేవదారు గీతకు అవతల ఉంది.

మాకు తోడొచ్చిన సార్జెంట్ డెల్ఫినో అడిగాడు.

"గీత అవతల మీ వాళ్లెవరూ లేరు కదమ్మా?"

"ఎందుకూ? ఉంటే తవ్వుకుపోతారా?"

"అయ్యో, ఉంటే గీత జరుపుతాం."

"మీవాళ్ల మాట మా నాన్న ఒకసారి విన్నాడులే బాబూ. చాలు."

నేను అత్త చెయ్యి గిల్లాను. "చెప్పెయ్యత్తా! ట్యాంకులొస్తాయి."

"నోర్ముయ్యవే. తియ్యగా మాట్లాడేవాళ్లే నట్టేట ముంచేది."

ఆ పూట అత్త ముద్ద ముట్టలేదు. కంచం ఒళ్లో పెట్టుకుని గీతకేసి చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి లేచి, పార అందుకుని, గీత దాటింది. దేవదారు కింద ఉయ్యాలంత మేర గడ్డి చెక్కసాగింది. నాకు ఏడుపు ఆగలేదు.

"అటు వెళ్లకూడదమ్మా!" అంటూ వచ్చిన సార్జెంటు ఆ చెక్కిన నేల చూసి ఆగిపోయాడు. మేం ఏ నేల చెక్కుతామో పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాడు. టోపీ తీశాడు.

"పేరేంటమ్మా?"

"ముందు గీత జరుపు. తర్వాత పేరు."

అతను బూటుతో పాత గీత చెరిపి, చెట్టు వెనక నుంచి కొత్తగా సున్నం పోశాడు. అప్పుడు చెప్పింది, "లోనీ ప్రూయిట్" అని. అతను రాసుకుంటుంటే, తను పార కర్రతో చెట్టు నుంచి సమాధి దాకా కొలుస్తోంది.

"ఇంకా ఏం కొలుస్తావత్తా?"

"వచ్చే ఏడు వీడు ఇక్కడే ఉన్నాడో లేదో తెలియొద్దూ?"

కారెక్కాక ఆ కొలత నా చెవిలో చెప్పింది.

మరుసటి మే నాటికి అత్త లేదు. కంచె మాత్రం దేవదారు వెనక నుంచే వేశారు. ఆ పార నేను పట్టుకెళ్లాను. గడ్డి చెక్కి, చెట్టు నుంచి సమాధి దాకా కొలిచాను. నాలుగు కర్రలు. సరిగ్గా సరిపోయింది.

అయినా ఇంకోసారి కొలిచాను.