పోతమ్మ ఇంటి రంగూన్ కుర్చీ

మా తోటికోడలు నాగశ్రీకి పాత కుర్చీల పిచ్చి. స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో కాపురముంటూ వారపత్రికకి ఇంటి అలంకరణ గురించి రాసేది. అందరూ కొత్త సోఫాల గురించి రాస్తుంటే, ఇది వన్ టౌన్ సందులన్నీ తిరిగి తాతలనాటి పందిరి మంచాలు ఏ కాలంవో, చిన్న ఫ్లాటులో వాటినెలా వాడుకోవాలో రాసేది. తెలుగులో అంతకుముందు అలా రాసినవాళ్లు నాకైతే కనపడలేదు. ఏం లాభం? మా మరిది దాన్ని ‘చెత్త సామాన్ల రచయిత్రి’ అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

చివరికొక ప్రచురణకర్త పుస్తకం వేస్తానన్నాడు. ఒక్క అధ్యాయం దగ్గర పేచీ పెట్టాడు.

“జాలరి ఇళ్లల్లో టేకు కుర్చీలా? రుజువు చూపించండి.”

రంగూన్ వెళ్లొచ్చినవాళ్లు తెచ్చుకున్న సామాన్ల గురించి ఆ అధ్యాయం. నాగశ్రీ ప్రాణమంతా అందులోనే ఉంది. రుజువు సముద్రం ఒడ్డున పోతమ్మ ఇంట్లో ఉంది: ఆమె మామగారు ఓడలో తెచ్చిన పడక కుర్చీ. వీపు వెనక బర్మా అక్షరాల్లో వడ్రంగి పేరు చెక్కి ఉంది. నాగశ్రీ చూసిన రోజున ఫోన్ చచ్చింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! మంచి కెమెరాతో మళ్లీ వస్తానని చెప్పి వచ్చింది. చెప్పకుండా వెళ్లినా బాగుండేది.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. ఒడ్డున పడవలు గీకి రంగులేస్తున్నారు. మేమిద్దరం వెళ్లేసరికి కుర్చీ వాకిట్లో నీలంగా మెరిసిపోతోంది, అంచులకి పసుపు. వెనక్కి తిప్పితే చెక్కిన పేరు లేదు. గీకేసి, లప్పం పెట్టి నున్నగా చేశారు.

“ఎవరు చెయ్యమన్నారమ్మా?” అంది నాగశ్రీ.

“ఎవులు సెప్పాలి తల్లీ? పేపరోలు ఫొటో తీత్తారంటే మాసిన కుర్సీ సూపింతామా? పడవకి తెచ్చిన రంగే దీనికేసినాం. పడవకి సాల్నేదు” అంది పోతమ్మ.

నిజమే. పక్కనే పడవ సగం నీలం, సగం బోడి చెక్క. కడిగేద్దామని నోరు తెరిచినదాన్ని, ఎవరిని కడగను? నాగశ్రీ గుడ్లనీరు గుడ్లకుక్కుకుని ఫొటో తీసింది.

ప్రచురణకర్త దాన్ని చూసి నవ్వి, అధ్యాయం మొత్తం తీసేశాడు. పుస్తకం వచ్చింది. నాగశ్రీ ఇంతవరకూ దాన్ని తెరవలేదు.

మొన్న చేపలు తెచ్చిన పోతమ్మ కోడలు గుమ్మంలో నిలబడి, “మా కుర్సీ బొమ్మ ఏ పేజీలో ఉందో అడగమంది మా అత్త” అంది. నాగశ్రీ గదిలోకి వెళ్లిపోయింది. ఆ బొమ్మ వెయ్యలేదని నేనే చెప్పాల్సొచ్చింది.

ఆ పిల్ల చేపల తట్ట కిందికి దించింది.

“రంగు సరిపోనేదేటండి? ఇంకో సుట్టు ఎయ్యమంటారా?”