మన్యానికి సూక్తులు వినిపించిన అన్నమ్మ గారు

ముంచింగిపుట్టు సంతకు వెళ్ళివచ్చిన ఉప్పు వర్తకుడొకడు ఆ మధ్య సాలూరులో మా అరుగు మీద కూర్చుని, "పంతులు గారూ, కొండమీది మందులమ్మ జ్వరంతో పోయిందండి" అన్నాడు. నేను చదువుతున్న పుస్తకం మూసేశాను. 

మందులమ్మ అంటే మా అన్నమ్మ గారే, మన్యంలో ఒక చిన్న మిషను వైద్యశాల నర్సు. ఏళ్ళ తరబడి కొండవాళ్ళ పుండ్లు కడిగి కట్టు కట్టిన కరుణామయి. స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక వృద్ధ పాదిరీ ఆమెకు ఇంగ్లీషు పుస్తకమొకటి ఇచ్చాడు. అందులో సగం, సుఖదుఃఖాలను సమంగా చూడమన్న ప్రాచీన యవన, రోమక తత్త్వవేత్తల సూక్తులు. తక్కిన సగం, సర్వం పరిత్యజించి భిక్షాన్నంతో బతుకుతూ దీనులను సేవించిన మధ్యయుగపు క్రైస్తవ సన్యాసులవి. వాటిని తెలుగు చేసి, కట్లు కట్టేటప్పుడు రోగులకు వినిపించాలని ఆమె సంకల్పం. భాష దిద్దమని నా దగ్గరకు వచ్చింది.

మొదటిసారి ఆమె మా వాకిట్లో ఎండలో నిలబడింది. నోటుపుస్తకం మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగాక నేను తీసుకున్నాను. అది ఆనాటి నా ఆచారం. ఆమె నొచ్చుకోలేదు. తలచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

ఒక చోట నేను 'స్థితప్రజ్ఞత' అని రాసిపెట్టాను. మళ్ళీ వచ్చినప్పుడు ఆమె మెల్లగా అంది: "మీ మాట చాలా గొప్పదండి. కాని మా బుద్రి, 'ఏటి తల్లీ, అది తాగేదా, పైకి రాసుకునేదా?' అని అడిగింది."

బుద్రి ఆమె దగ్గర కాలిపుండుకు మందు వేయించుకునే కొండమనిషి. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "మరి ఏమనమంటావు?"

"బుద్రినే అడిగానండి. కుండ దొర్లకుండా కింద పెట్టే గడ్డిచుట్ట చూపించి, 'మనసుకీ ఇలాటి కుదురుండాలని సెప్పు తల్లీ' అంది."

ముప్పై ఏళ్ళుగా నిఘంటువులు తిరగేస్తున్నవాణ్ణి. ఆ మాట నాకు తోచలేదు! ఆ పూటే నా పదం కొట్టేశాను.

మా ఇంటావిడ కాలం చేసినప్పుడు కబురు కొండమీదికి ఆలస్యంగా చేరింది. అన్నమ్మ గారు వానలో ఘాటీ దిగి, పన్నెండు రోజులు గడిచాక వచ్చింది. అన్నీ అయిపోయి, చుట్టాలు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. నేను తిండి మానేసి పెరటి వసారాలో పడుకున్నాను. "ఆ పుస్తకంలోవి నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నాను.

"ఇవాళ వద్దండి. ఆకలితో ఉన్నవాళ్ళకి మాటలు చెప్పకూడదు" అని, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి గంజి కాచింది. గిన్నె మెట్టు మీద పెట్టి, అలవాటుగా వెనక్కి జరిగింది.

"అక్కడ కాదు, చేతికియ్యి" అన్నాను. ఆమె చేతి నుంచే అందుకుని తాగాను. ఆ పూటే చుట్టాల్లో ముగ్గురు మా గడప దిగి వెళ్ళిపోయారు. వారు మళ్ళీ రాలేదు, నేనూ పిలవలేదు.

అన్నమ్మ గారు పోయిన కబురు తెలిసిన వారానికి జీవితంలో మొదటిసారి కొండ ఎక్కాను. వైద్యశాల వెనక పచ్చిమట్టి దిబ్బ, దానిమీద అడవిపూలు. నోటుపుస్తకం బుద్రి దాచి ఉంచింది. "నీవేనా పంతులుబాబువి?" అని అడిగి నా చేతిలో పెట్టింది. "ఆయమ్మ లేదు. నువ్వు సదువు, ఇంటాం."

మెట్ల మీద కూర్చున్నాను. కట్లు కట్టుకున్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు చుట్టూ చేరారు. కంఠం సవరించుకుని, ఒక సన్యాసి మాట పురాణం చెప్పినట్టు గంభీరంగా చదివాను.

బుద్రి చెయ్యి అడ్డం పెట్టింది. "అలాగ కాదు బాబూ. ఆ మాటకాడ ఆయమ్మ నవ్వేది."

మళ్ళీ చదివాను. అందరూ నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశారు. నాకు నవ్వడం చేతకాలేదు.